మూడో మెట్టు మీద క్లిప్పు

శవాన్ని చూస్తే నాకు రోత పుట్టదు. ఇరవై రెండేళ్ళుగా ఈ డిటెక్టివ్ పనిలో ఉన్నాను, అలవాటైపోయింది. శవం పక్కన బతికున్నవాళ్ళు చేసే పనులు చూస్తేనే పుడుతుంది. ఆ రోజు పదకొండున్నరకి గిటార్ మాస్టారి గది గుమ్మంలో అడుగుపెట్టగానే అదే జరిగింది.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కాళ్ళు బారజాపుకుని టీ తాగుతున్నాడు. తాగిన కప్పు కింద పెట్టాడు. ఎక్కడ పెట్టాడో తెలుసా? మొన్న మధ్యాహ్నం మాస్టారు పడి చచ్చిపోయిన చోట, సుద్దతో గీసిన తల బొమ్మలో, సరిగ్గా చెవి దగ్గర.

"ఆ కప్పు తీయండి," అన్నాను.

"రండి మేడమ్ రండి. మీరొక్కరే తక్కువయ్యారనుకుంటున్నా." కప్పు మాత్రం తీయలేదు. నేనే వంగి తీసి కిటికీలో పెట్టాను.

మూలన కానిస్టేబులమ్మ పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. పాటలు పాడుతుంది. మాస్టారు ముద్దుగా 'చిలక' అని పిలిచేవాడట, అందరికీ ఆ పేరే అలవాటైంది. హత్య ఎలా చేసిందో చేసి చూపించమని ఇన్‌స్పెక్టర్ ఇక్కడికి లాక్కొచ్చాడు. చెయ్యనిది ఎలా చూపిస్తుంది? గంట నుంచి అలాగే నిలబడి ఉందట.

"నాలుగింటికి కోర్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటూ. "జడ్జిగారి ముందు నిలబెడతా, జైలుకి పంపిస్తారు, నేను ఫైలు మూసేసి నిద్రపోతా. మీకేమైనా అభ్యంతరమా?"

నిన్న సాయంత్రం ఈ పిల్ల అమ్మమ్మ చేతికర్ర పొడుచుకుంటూ నా ఆఫీసుకి వచ్చింది. ఏడవలేదు, మొత్తుకోలేదు. "అమ్మా, నా మనవరాలు అబద్ధం చెబితే దాని చెవులు ఎర్రగా కందిపోతాయి. ఇప్పుడే స్టేషన్లో చూసొచ్చాను. చెవులు మామూలుగానే ఉన్నాయి," అంది. ఇన్నేళ్ళలో ఇంత మంచి సాక్ష్యం నా చెవిన పడలేదు. కేసు ఒప్పుకున్నాను.

"అభ్యంతరం చాలా ఉంది," అన్నాను. "ముందు టైములు చెప్పండి."

వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "డాక్టరు మాట, చావు ఒంటిగంటకీ రెండున్నరకీ మధ్య. ఆయుధం ఇదిగో, ఈ మైకు స్టాండు ఇనప దిమ్మ. గుడ్డతో తుడిచేశారు. కింద షాపులో టైలరున్నాడు. ఒకటీ పదిహేను దాకా పైనుంచి వాయిద్యం వినపడిందట, తర్వాత ఆగింది. మళ్ళీ రెండుకి పది నిమిషాలుందనగా వినపడింది. అంటే మనిషి అప్పటిదాకా బతికే ఉన్నాడు. రెండూ ఇరవైకి ఈవిడగారు మెట్లెక్కింది, రెండూ ఇరవై అయిదుకి కేక. ఆ మెట్లు ఇంకెవరూ ఎక్కలేదు. ఆ రోజు పొద్దున్న తొమ్మిదీ అయిదుకి ఇద్దరి మధ్యా ఫోను కూడా ఉంది. ఏదో గొడవ పడ్డారు."

"వెనక ఇనప మెట్లో?"

"ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందట, గాలికి. గాలి వచ్చి కొట్టిందంటారా?"

తన జోకుకి తనే నవ్వుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ నోరు నొక్కుకుని గది చూడటం మొదలుపెట్టాను.

గిటారు గోడకి ఆనించి ఉంది. దాని మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో మూడోదాని దగ్గర, తీగలన్నిటినీ కలిపి నొక్కి పట్టే క్లిప్పు బిగించి ఉంది. ఎదురుగా స్టాండు మీద ఒక కాగితం. పెన్సిల్‌తో పాట రాసి, మాటల పైన కార్డ్స్ గుర్తులు వేశారు. పదకొండు రోజులుగా మాస్టారు చేస్తున్న పని అదే. చిలక అమ్మమ్మకి ఆవిడ అమ్మమ్మ నేర్పిన హత్య పాట. తంబురా కూడా లేకుండా ఒట్టి గొంతుతో పాడుకునే పాట. దానికి గిటారు కార్డ్స్ కట్టాలని కూర్చున్నాడు. ఏ మాట దగ్గర ఏ స్వరాల గుత్తి మోగాలో వెతుక్కుంటూ, కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి.

ఆ కథ చెప్పాలి, తప్పదు. తల్లి లేని చెల్లెలికి పసితనం నుంచీ జడలేసి పెంచిన అన్న, తనకి గిట్టనివాడితో వెళ్ళిపోతోందని ఆమెని ఏటి ఒడ్డున నరికేస్తాడు. పారిపోబోతూ వెనక్కి చూస్తాడు. జుట్టు చెదిరిపోయి ఉంటుంది. ఉండబట్టలేక కూర్చుని జడ అల్లుతాడు. నాలుగు పాయలతో జడ వేసేది ఆ చుట్టుపక్కల అతనొక్కడే. దొరికిపోతాడు.

*చెదిరిన జుట్టు చూసి చెయ్యాగలేదమ్మా*
*నాలుగు పాయల జడ నలుగురూ చూసిరమ్మా*

అందరూ ఆ పాటని ఆహా ఓహో అంటారు. నాకు మాత్రం మొదటిసారి విన్నప్పుడే అసహ్యం వేసింది. నరికిన చేత్తో జడ వేయడమేమిటి, ఛీ.

కాగితం దగ్గరికి వంగాను. టీ మరక సగం కాగితాన్ని తినేసింది. ఆఖరి చరణం మీద ఒక కార్డ్ రబ్బరుతో చెరిపి, దాని చోట ఇంకొకటి రాశారు. చెరిపినది లీలగా కనిపిస్తోంది: ఇ మైనర్, పక్కన ప్రశ్నార్థకం. కొత్తగా రాసింది ఎ ఫ్లాట్. ప్రశ్నార్థకం లేదు. గట్టిగా, నొక్కి రాశారు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ టీ ఎప్పుడు ఒలికింది?"

"మనిషి పడ్డప్పుడు. కప్పు ఆయన భుజం కింద నలిగి దొరికింది. చొక్కా కూడా తడిసింది."

"ఈ కొత్త గుర్తు మరక మీద రాసింది. రబ్బరు పొట్టు కూడా మరక మీదే ఉంది. తడి కాగితాన్ని రబ్బరుతో రుద్దితే ఏమవుతుంది?"

ఆయన కాగితం మీదకి వంగాడు.

"చిరుగుతుంది," అన్నాను. "ఇది చిరగలేదు. టీ ఆరాక రాశారు. మాస్టారు పడ్డాక కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు. చచ్చిపోయిన మనిషి లేచి పాట దిద్దుకున్నాడా?"

"ఈ పిల్లే రాసి ఉండొచ్చు."

"ఈ పిల్ల పైకొచ్చిన అయిదు నిమిషాలకే కేక వేసింది. చంపి, టీ ఆరేదాకా కూర్చుని, చెరిపి, రాసి, అప్పుడు కేక వేయాలంటే మీ అయిదు నిమిషాలు చాలవు."

"అయితే కేకకి ముందు..." అని ఆగిపోయాడు. వెనక మెట్ల దారి ఆయన లెక్కలోనే లేదు.

కిటికీలోంచి తల బయటపెట్టి టైలర్‌ని కేకేశాను. మెడలో టేపుతో, చెవి మీద సుద్దముక్కతో పరిగెత్తుకొచ్చాడు. ఈ పదకొండు రోజుల గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాడు.

"నరకం అనుకోండమ్మా. ఒకే ముక్క, రోజుకి వందసార్లు. ఆఖరికి వచ్చేసరికి ఆగిపోతాడు. 'కాదు కాదు' అంటాడు. మళ్ళీ మొదటికి. కుట్టు మిషన్ తొక్కుతుంటే నా కాళ్ళు కూడా అక్కడే ఆగిపోయేవి."

"మొన్న రెండుకి పది నిమిషాలుందనగా విన్నది కూడా అదే ముక్కా?"

"ఆఁ. ఆఖరి ముక్కే. నాలుగైదుసార్లు."

"గిటారు మీదేనా?"

టైలర్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "కాదమ్మా. పెట్టె. హార్మోనీ పెట్టె. గిటారైతే టంగుమంటుంది, ఇది ఊఁ... అని సాగింది."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "నాకు చెప్పలేదేం?"

"వాయిద్యం వినపడిందా అన్నారు, వినపడిందన్నాను. ఏ వాయిద్యమో మీరు అడగలేదుగా సార్."

నవ్వాపుకోవడానికి నేను హార్మోనియం వైపు తిరగాల్సి వచ్చింది. గోడవార చిన్న బల్ల మీద పాత పెట్టె. మాస్టారి నాన్నదట. చిలక అక్కడికి వచ్చాక మొదటిసారి నోరు విప్పింది.

"మాస్టారు దాన్ని ముట్టుకోరు మేడమ్. ఉతికిన బట్టలు దాని మీద పడేసేవారు. వాయించడం రాదు కూడా."

బట్టలు ఇప్పుడు పెట్టె మీద లేవు. పక్కన స్టూలు మీద మడత చెదరకుండా పెట్టి ఉన్నాయి. పెట్టె వెనక గాలి తిత్తికి వేసే కొక్కెం ఊడదీసి ఉంది. "దీని మెట్ల మీద వేలిముద్రలు తీశారా?" అన్నాను.

"పెట్టె కూడా ముద్దాయేనా మేడమ్?" అన్నాడు గానీ ఆ గొంతులో ఇందాకటి పొగరు లేదు.

"అమ్మాయ్, ఇలా రా. నాకు సంగీతం ఒక్క ముక్క రాదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు. ఈ ఎ ఫ్లాట్ ఏమిటి?"

కాగితం చూసి మొహం చిట్లించింది. "ఇది మాస్టారు రాసింది కాదు. ఆయనెప్పుడూ వేళ్ళు ఎలా పడతాయో అదే రాస్తారు. క్లిప్పు ఎక్కడ పెట్టినా సరే, వేళ్ళ ఆకారం పేరే రాస్తారు. చూడండి, పైనంతా ఎ మైనర్, జి, ఇ మైనర్. క్లిప్పు పెడితే మోత పైకెళ్తుంది, ఆకారం మారదు. ఈ కాగితం ప్రకారం ఇక్కడ ఎ ఫ్లాట్ పట్టి వాయిస్తే చెవులు మూసుకుని పారిపోతారు."

"మరి రాసినవాడికి మతిపోయిందా?"

"లేదు. గిటారు వాళ్ళలా కాకుండా, నిజంగా వినపడే స్వరం రాశాడు. కీబోర్డు వాళ్ళు అలాగే రాస్తారు. మూడో మెట్టు మీద క్లిప్పు ఉంటే, ఎఫ్ ఆకారం పడితే వినపడేది ఎ ఫ్లాట్."

"ఎప్పుడూ మూడో మెట్టేనా?"

"కాదు మేడమ్, ఎప్పుడూ అయిదో మెట్టు. ఆ రోజు పొద్దున్న నాకు గొంతు పట్టేసింది. ఫోన్ చేసి 'మాస్టారూ, ఇవాళ రెండు మెట్లు దించండి' అన్నాను. సరేనన్నారు. అంతే మేం మాట్లాడింది."

తొమ్మిదీ అయిదు ఫోను. ఇన్‌స్పెక్టర్‌గారి 'గొడవ'. నేను ఆయన వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"అయిదో మెట్టయితే అదే ఎఫ్ ఎలా వినపడుతుంది?"

"బి ఫ్లాట్‌లా."

నా నోట్‌బుక్కులో మూడు ముక్కలు రాసుకున్నాను. క్లిప్పు లేకపోతే ఎఫ్. అయిదో మెట్టయితే బి ఫ్లాట్. మూడో మెట్టయితే ఎ ఫ్లాట్. తర్వాత అడగాల్సింది ఒక్కటే మిగిలింది.

"కీబోర్డు వాయించేవాళ్ళలో ఈ పాట ఎవరికి తెలుసు?"

చిలక తల దించుకుంది. "మాస్టారి అన్నయ్యగారికి. సినిమాలకి సంగీతం చేస్తారు. మొదటి వారం మాస్టారు రికార్డు చేసి పంపారు, ఎలా ఉందో చెప్పమని. ఆయన దాన్ని తన బాణీ అని సినిమా వాళ్ళకి చెప్పేశారట. మాస్టారు ఒప్పుకోలేదు. 'అది అమ్మమ్మ పాట, అమ్మమ్మ పేరే పడాలి, అమ్మమ్మ పాడిన అసలు రికార్డింగు నా దగ్గరుంది' అన్నారు."

"ఆయన ఈ గదికి వచ్చి ఆరు నెలలైందని స్టేట్‌మెంట్ ఇచ్చాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "రెండూ పావు నుంచి తన స్టూడియోలో ఉన్నాడు. పదిమంది సాక్షులున్నారు."

"రెండూ పావు నుంచి. బాగుంది. ఇక్కణ్ణించి స్టూడియోకి ఎంతసేపు?"

"పదిహేను నిమిషాలు."

"నాతో రండి. నా లెక్క తప్పయితే ఈ జన్మలో మీ స్టేషన్ గుమ్మం తొక్కను."

"అదేదో మంచి బేరంలాగే ఉంది," అని టోపీ తీసుకున్నాడు.

కదిలే ముందు తెల్లకాగితం మీద మాస్టారి పాట మొత్తం నేనే ఎత్తిరాశాను. ఆఖరి చరణం మీద ఎ ఫ్లాట్ రాయలేదు. మాస్టారు రాసుకున్న ఇ మైనరే పెట్టాను, ప్రశ్నార్థకంతో సహా. క్లిప్పు సంగతి ఎక్కడా రాయలేదు.

*

స్టూడియోలో అడుగుపెట్టేసరికి రెండు కావస్తోంది. తమ్ముడు పోయి మూడో రోజు. అన్నగారు కంప్యూటర్ ముందు కూర్చుని పాట అట్ట ఏ రంగులో ఉండాలో ఎంచుతున్నాడు. తెర మీద తమ్ముడి ఫోటో, చుట్టూ నల్ల అంచు, కింద పెద్ద అక్షరాలతో తన పేరు.

"తమ్ముడికి నా నివాళి," అన్నాడు మమ్మల్ని చూసి. కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. "పది రోజుల్లో విడుదల. ఇలాంటప్పుడు జనం బాగా వింటారు."

థూ అని ఉమ్మేద్దామంటే అక్కడ తివాచీ పరిచి ఉంది. మింగేశాను.

"మాకు సంగీతం తెలియదండీ," అన్నాను వీలైనంత అమాయకంగా. "మాస్టారి గదిలో ఈ పాట కాగితం ఉంది, ఎత్తిరాసుకొచ్చాను. చావుకి ముందు ఆయన మనసులో ఏముందో మీలాంటి పెద్దలు చూస్తే తెలుస్తుందేమో."

తీసుకున్నాడు. కాళ్ళు ఆడిస్తూ చదివాడు. ఆఖరి చరణం దగ్గర కాలు ఆగిపోయింది. మొహం చూడాలి, తిన్నదాంట్లో రాయి తగిలినట్టు.

"ఇదేమిటిది?"

"ఏదండీ?"

"ఇ మైనర్ ఏమిటి ఇక్కడ? జడ అల్లే చోట? వాడికి పదకొండు రోజులైనా బుర్ర వెలగలేదు. శవం ముందు కూర్చున్నాడయ్యా అన్న, ఇక్కడ పాట మెత్తబడాలి, విచ్చుకోవాలి. ఇలా ఏడుపుగొట్టుగా ఉంటే..." జేబులోంచి పెన్సిల్ తీశాడు. చర్రున కొట్టేసి, పైన రాశాడు. నొక్కి రాశాడు.

ఎ ఫ్లాట్.

కాగితం వెనక్కి తీసుకున్నాను.

"ఈ కాగితంలో పాట ఎ మైనర్‌లో ఉంది కదండీ. దిద్దితే ఎఫ్ అవ్వాలట. ఎ ఫ్లాట్ ఎలా వచ్చింది?"

చిన్నగా నవ్వాడు, తెలియనివాళ్ళని చూసి నవ్వే నవ్వు. "గిటారుకి క్లిప్పు ఉంటుందమ్మా. మోత పైకి జరుగుతుంది. నేను నిజంగా వినపడేది రాశాను."

"క్లిప్పు ఉందని మీకెలా తెలుసు? కాగితంలో లేదు."

"వాడు పంపిన రికార్డింగ్ విన్నాగా."

"ఒక్కసారి మాకూ వినిపించండి."

మొదటిసారి తడబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అడుగు ముందుకేసి, "వినిపించండి సార్," అన్నాడు. ఆ గొంతు నాకు కొత్త. ఆ మనిషి మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

అన్నగారు చెయ్యి చాచి మీట నొక్కాడు. చిలక గొంతు, కింద గిటారు. ఆఖరి చరణం వచ్చింది. "ఇప్పుడు మీ ఎ ఫ్లాట్ దీంతో కలిపి వాయించండి," అన్నాను.

అతను వాయించలేదు. చేతులు కీబోర్డు మీద పెట్టాడు, అంతే. సంగీతం వచ్చినవాడు కదా, వాయించకుండానే వినపడిపోయింది. నేనే వేలు పెట్టి, ఫ్లాట్లు ఎక్కడుంటాయో దారిలో జీపులో చిలక నేర్పిన చోట నొక్కాను. ఎ ఫ్లాట్ పాటకి అడ్డం పడి రంపంలా కోసింది. రెండు మెట్లు పైకి, బి ఫ్లాట్ నొక్కాను. ఒదిగిపోయింది.

"ఈ రికార్డింగ్‌లో క్లిప్పు అయిదో మెట్టు మీద ఉంది," అన్నాను. "మీరు విన్నది ఇదొక్కటే అయితే బి ఫ్లాట్ రాసి ఉండేవారు. క్లిప్పు మూడో మెట్టుకి దిగింది మొన్న పొద్దున్న తొమ్మిదీ అయిదు తర్వాత. ఆ గిటారు మళ్ళీ ఆ గది దాటలేదు. మీరు ఆరు నెలలుగా ఆ గదికి వెళ్ళలేదు. చెప్పండి, మూడో మెట్టు మీ చెవిలో ఎలా పడింది?"

అతను వేళ్ళు కీబోర్డు మీంచి తీసేశాడు.

"ఒకటింబావుకి కొట్టారు," అన్నాను. "అమ్మమ్మ రికార్డింగు కోసం గదంతా వెతికారు. అరగంట. దొరకలేదు. పోయేవారే. కానీ స్టాండు మీద కాగితం కనపడింది. తమ్ముడు కాళ్ళ దగ్గర పడి ఉంటే, మీరు బట్టలు తీసి స్టూలు మీద సర్ది, మీ నాన్న పెట్టె తెరిచి..."

"తప్పుగా ఉంది," అన్నాడు.

"ఏమిటి?"

"తప్పుగా ఉందమ్మా. అలా వదిలేసి ఎలా పోతాను?" మొహంలో భయం లేదు, పశ్చాత్తాపం అసలే లేదు. సంజాయిషీ చెబుతున్న పిల్లాడిలా చేతులు కీబోర్డు మీదకి జరిపాడు. ఆఖరి చరణం మెల్లగా వాయించాడు. *చెదిరిన జుట్టు చూసి చెయ్యాగలేదమ్మా.* అక్కడ ఆ ఎ ఫ్లాట్ పడింది. వాయించడం ఆపి నా మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు చెప్పండి. బాగుందా, లేదా?"

బాగుంది. నాకు సంగీతం రాదు, అయినా తెలిసింది. మాస్టారు పదకొండు రోజులు వెతికి చచ్చింది దాని కోసమే. నా ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. అందుకు నా మీద నాకే పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. పరుగున బయటికొచ్చి మెట్ల పక్కన వాంతి చేసుకున్నాను.

లోపల బేడీలు పడ్డ చప్పుడు వినిపించింది. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి నీళ్ళ సీసా అందించాడు. "పెట్టె మీద ముద్రలకి మనిషిని పంపాను," అన్నాడు. తర్వాత జేబులోంచి కోర్టు కాగితం తీసి, నా ఎదురుగానే రెండు ముక్కలు చేశాడు. క్షమాపణ చెప్పడం రాని మనిషి, అంతకంటే ఎక్కువ ఆశించలేదు.

జీపు దగ్గర కానిస్టేబులమ్మ చిలక చెయ్యి వదిలేసింది. మూడూ పది. ఆ పిల్ల ఏడ్చింది, నవ్వింది, అమ్మమ్మకి ఫోన్ చేసింది. తర్వాత నా కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"మేడమ్, లోపల ఎవరో ఆఖరి చరణం వాయించారు కదా. సరిగ్గా వినపడలేదు. ఆ చోటుకి కార్డ్ దొరికిందా? మాస్టారు పాపం పదకొండు రోజులు..."

చేతిలో కాగితం ఉంది. హంతకుడు దిద్దిన కాగితం. నాలుగు మడతలు పెట్టి సంచిలో వేశాను.

"మీ మాస్టారు రాసిందే," అన్నాను. "ఇ మైనర్."

నా చెవులు మండుతున్నాయి. ఎర్రబడ్డాయేమో, ఆ పిల్ల చూడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాను.